మట్ నుంచి ఎడిటర్ తెరిచే షెల్ స్క్రిప్ట్: తెలుగులో మెయిళ్ళు రాసేవాళ్ళకు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూసే మా బామ్మర్ది మొన్న రాత్రి తొమ్మిదింటికి నల్గొండలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "బావా, ఎడిటరైతే తెరుచుకుంటుంది, నేను రాస్తనే ఉన్న, వెనక మట్‌లో చూస్తే మెయిల్ రద్దయిందని చూపిస్తుంది. రాసిందంతా పోయినట్టేనా?" విండో మూశావా అని అడిగాను. మూయలేదన్నాడు. అయితే టెన్షన్ లేదు, ముందు మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి ఇంకో ఫైల్లో పెట్టుకో, మిగతా సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆ మిగతా సంగతికి గంటన్నర పట్టింది, ఫోన్లోనే, స్క్రిప్టు ఒక్కో వరుసా చదివి చెప్తూ.

అదే ఇక్కడ రాస్తున్నాను: మట్ అనే మెయిల్ ప్రోగ్రాము నుంచి మనకు నచ్చిన ఎడిటర్‌ని తెరిచే షెల్ స్క్రిప్టు. షెల్ అంటే మనం కొట్టిన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాము, స్క్రిప్టు అంటే ఆ కమాండ్లు వరుసగా రాసిపెట్టిన ఫైలు. ఫోన్లో చెప్పినట్టే కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉంటాయి, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట, స్పెల్లింగ్ తికమక పెట్టే చోట విడిగా చెప్తాను. డాలర్ గుర్తులు, కోట్లు (కొటేషన్ గుర్తులు), స్లాష్‌లు, బ్రాకెట్లు మాత్రం కనిపించినవి కనిపించినట్టే కొట్టండి, వాటిలో ఒక్కటి జారినా స్క్రిప్టు నడవదు.

అసలు ఇదంతా ఎందుకు

వాడి లాప్‌టాప్‌లో ర్యామ్ 2 జీబీ. బ్రౌజర్‌లో మెయిల్ తెరిస్తే చాలు, ఫ్యాను బోరు మోటరు లెక్క మోత పెడుతుంది. అందుకే లినక్స్ వేసి మట్ పెట్టించాను. మట్ టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే అక్షరాల తెరలో, నడిచే మెయిల్ ప్రోగ్రాము, మైఖేల్ ఎల్కిన్స్ 1995లో మొదలుపెట్టాడు, మెయిల్ ప్రోగ్రాములన్నీ చెత్తే, ఇది కాస్త తక్కువ చెత్త అని దాన్ని చేసినవాళ్ళే చెప్పుకుంటారు. మెయిల్ చదవడం, పంపడం అది చూసుకుంటుంది గానీ ఉత్తరం రాసే పని తను పెట్టుకోదు, మీకు నచ్చిన ఎడిటర్‌ని పిలిచి దాని చేతిలో పెడుతుంది.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళకు ఇక్కడితో కథ అయిపోతుంది, విమ్ అనో నానో అనో ఒక టెర్మినల్ ఎడిటర్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. మనకు అట్లా కుదరదు. టెర్మినల్ తెరను గడులుగా కోసుకుని ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పెడుతుంది, మన లిపికి ఆ లెక్క పనికిరాదు. "నల్గొండ" అనే మాటనే చూడండి. మన కంటికి మూడు అక్షరాలు: న, ల్గొం, డ. యూనికోడ్‌లో అవి ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, అంటే మొత్తం 21 బైట్లు. ఈ ఏడింటిని మూడు ముద్దలుగా కలిపి చూపించడం చాలా టెర్మినళ్ళకు చేతకాదు, గ వత్తు పోయి పక్క గడిలో కూర్చుంటుంది, కర్సర్ ఒకచోట కనిపిస్తే అక్షరం ఇంకోచోట పడుతుంది. పంపిన మెయిల్లో అక్షరాలు సరిగ్గానే వెళ్తాయి, రాసేటప్పుడే నరకం. జీఎడిట్ లాంటి విండో ఎడిటర్లలో ఈ బాధ లేదు. కాబట్టి చదవడం టెర్మినల్‌లో, రాయడం విండోలో. ఈ రెండింటి మధ్య వంతెనే మన స్క్రిప్టు.

మట్ చేసే పని మూడు ముక్కల్లో

మీరు కొత్త మెయిల్ మొదలుపెట్టగానే మట్ ఒక తాత్కాలిక ఫైలు సృష్టిస్తుంది, ఎడిటర్‌ని ఆ ఫైలు పేరుతో పిలుస్తుంది, ఆ పిలిచిన ప్రోగ్రాము ముగిసేదాకా ఆగుతుంది. ముగిశాక ఫైలు మారిందా లేదా అని దాని టైమ్ చూస్తుంది. మారితే పంపే తెర చూపిస్తుంది, మారకపోతే "అబార్టెడ్ అన్‌మాడిఫైడ్ మెసేజ్" అని చెప్పి ఫైలు తీసిపారేస్తుంది.

మొత్తం కిటుకు ఆ ఆగడంలోనే ఉంది. మన పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడి చూసినవాళ్ళకు తెలుసు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ఎటు తిరిగినా లింగం వెనక నీడ కదలదు. మీరు ఎడిటర్లో ఏం చేసుకున్నా మట్ కూడా వెనక అట్లా కదలకుండా నిలబడాలి. అది ముందే కదిలిందంటే మన స్క్రిప్టు దానికి "అయిపోయింది" అని అబద్ధం చెప్పిందని అర్థం. బామ్మర్ది విషయంలో జరిగింది అదే.

ముందు చిన్న స్క్రిప్టు

హోమ్ ఫోల్డర్‌లో బిన్ అనే ఫోల్డర్ చేసుకోండి, లేకపోతేనే. అందులో ఉత్తరం అనే పేరుతో ఫైలు, స్పెల్లింగ్ యు, రెండు టి-లు, ఎ, ఆర్, ఎ, ఎమ్. నిజానికి తెలుగు లిపిలో "ఉత్తరం" అనే పేరు పెట్టినా లినక్స్ ఏమీ అనదు, ఫైలు పేరులో స్లాష్, శూన్య బైటు తప్ప ఏదైనా ఒప్పుకుంటుంది. నేను కొన్నాళ్ళు సరదాకి అట్లాగే పెట్టుకున్నాను కూడా. కానీ తెలుగు కీబోర్డు లేని చోట ఆ పేరు టైప్ చేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది, ఇంగ్లిష్ అక్షరాలే మేలు.

ఆ ఫైల్లో రెండే వరుసలు:

#!/బిన్/ఎస్‌హెచ్
ఎగ్జెక్ విమ్ "$1"

మొదటి వరుస హ్యాష్, ఆశ్చర్యార్థకంతో మొదలవ్వాలి, దాని ముందు ఖాళీ కూడా ఉండకూడదు. ఈ ఫైల్ని ఏ ప్రోగ్రాముతో నడపాలో లినక్స్‌కి చెప్పే వరుస అది. రెండో వరుసలో ఎగ్జెక్ అంటే ఇ-ఎక్స్-ఇ-సి. $1 అంటే మట్ మనకు అందించిన ఫైలు పేరు. దాని చుట్టూ ఉన్న డబుల్ కోట్లు అలంకారం కాదు, పేరులో ఎక్కడైనా ఖాళీ ఉంటే కోట్లు లేకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలు చేసి, లేని రెండు ఫైళ్ళు తెరుస్తుంది. మట్ ఇచ్చే పేర్లలో మామూలుగా ఖాళీలుండవు, అయినా అలవాటు చేసుకోండి, ఈ స్క్రిప్టు రేపు ఇంకో ప్రోగ్రాముకి కూడా వాడతారు.

తర్వాత దానికి నడిచే అనుమతి ఇవ్వాలి:

సీహెచ్‌మోడ్ +ఎక్స్ ~/బిన్/ఉత్తరం

మొదటి మాట సి-హెచ్-ఎమ్-ఓ-డి. ఇది మర్చిపోతే "పర్మిషన్ డినైడ్" అని వస్తుంది, అందరూ ఒక్కసారైనా మర్చిపోతారు. ఇక మట్ సెట్టింగ్ ఫైల్లో, అంటే హోమ్‌లో చుక్కతో మొదలయ్యే మట్‌ఆర్‌సి ఫైల్లో, ఈ వరుస:

సెట్ ఎడిటర్="~/బిన్/ఉత్తరం"

మట్ మూసి మళ్ళీ తెరిచి కొత్త మెయిల్ కోసం ఎమ్ కొట్టండి. విమ్ తెరుచుకుంటే వంతెన పడ్డట్టే. స్క్రిప్టు లేకుండా నేరుగా విమ్ అని రాసుకోవచ్చు కదా అంటారా, రాసుకోవచ్చు, ఇంతవరకైతే స్క్రిప్టు దండగే. అసలు పని ఇక్కడి నుంచి.

ఎడిటర్ ముందే చేతులెత్తేస్తే

బామ్మర్ది విమ్ తీసేసి జీఎడిట్ అని పెట్టుకున్నాడు. వాడికి అప్పటికే ఇంకో విండోలో జీఎడిట్ తెరిచి ఉంది. అట్లాంటప్పుడు కొత్తగా పిలిచిన జీఎడిట్ ఏం చేస్తుందంటే, ఉన్న విండోకి "ఈ ఫైలు కూడా తెరువు" అని కబురు చెప్పి తను వెళ్ళిపోతుంది. మట్‌కి తెలిసింది ఆ వెళ్ళిపోయినదే. అది పోయింది, ఫైలు చూస్తే మారలేదు, ఎట్లా మారుతుంది, వాడింకా "నమస్కారం" అని టైప్ చేస్తున్నాడు, కాబట్టి రద్దు. మట్ తప్పేమీ లేదు ఇందులో.

దీనికి మందు ప్రతి ఎడిటర్‌లోనూ ఉంది గానీ పేరే ఒక్కోదానికి ఒక్కోటి. జీఎడిట్‌కి --వెయిట్, విజువల్ స్టూడియో కోడ్‌కి, సబ్లైమ్‌కి కూడా అదే. కేట్‌కి --బ్లాక్. జీవిమ్‌కి -ఎఫ్, అది పెట్టకపోతే జీవిమ్ టెర్మినల్ నుంచి విడిపోయి తన దారి తను చూసుకుంటుంది. ఈమ్యాక్స్‌క్లయింట్ మాత్రం ఏమీ చెప్పకుండానే ఆగుతుంది, -ఎన్ అని పెట్టి మనమే చెడగొట్టకుండా ఉంటే చాలు.

సరిగ్గా ఆగుతోందా లేదా అని తేల్చుకోవడానికి మట్ అక్కర్లేదు. టెర్మినల్‌లో ఇది కొట్టండి:

~/బిన్/ఉత్తరం ~/పరీక్ష.టెక్స్ట్; ఎకో అయింది

పరీక్ష బదులు మీకు తోచిన పేరు పెట్టుకోండి. ఎకో అంటే ఇ-సి-హెచ్-ఓ. ఎడిటర్ తెరిచి ఉండగానే టెర్మినల్‌లో "అయింది" అని కనిపిస్తే స్క్రిప్టు ఆగడం లేదు. ఫైలు మూశాకే కనిపిస్తే సరిగ్గా ఉంది. ఫోన్లో వాడి చేత ముందు ఈ పరీక్షే చేయించి ఉంటే నాకు నలభై నిమిషాలు మిగిలేవి, నేనేమో మట్ సెట్టింగులన్నీ చదివించుకుంటూ కూర్చున్నాను.

ఇంట్లో ఉంటే విండో, బయట ఉంటే విమ్

నేను ఊరెళ్ళినప్పుడు ఇంట్లో సిస్టమ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే దూరం నుంచి నెట్ మీదుగా దాని టెర్మినల్ తెరుచుకుని, మెయిల్ చూస్తాను. దేవరకొండ బస్సులో నెట్ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, అక్కడ విండో ఎడిటర్ తెరుచుకునే ప్రసక్తే లేదు. అందుకని ఎక్కడున్నామో చూసుకుని ఎడిటర్‌ని ఎంచుకునే పని స్క్రిప్టుకే ఒప్పజెప్పాను:

#!/బిన్/ఎస్‌హెచ్
ఎఫ్="$1"
ఇఫ్ [ -ఎన్ "$ఎస్‌ఎస్‌హెచ్_కనెక్షన్" ]; దెన్
విమ్ "$ఎఫ్"
ఎలిఫ్ [ -ఎన్ "$వేల్యాండ్_డిస్‌ప్లే$డిస్‌ప్లే" ]; దెన్
జీఎడిట్ --వెయిట్ "$ఎఫ్" 2>/డెవ్/నల్
ఎల్స్
విమ్ "$ఎఫ్"
ఫై

ఎస్‌ఎస్‌హెచ్_కనెక్షన్, వేల్యాండ్_డిస్‌ప్లే, డిస్‌ప్లే ఈ మూడు పేర్లూ పెద్ద అక్షరాల్లో కొట్టాలి, మధ్యలో ఉన్నది అండర్‌స్కోర్. ఎలిఫ్ అంటే ఇ-ఎల్-ఐ-ఎఫ్, ఫై అంటే ఇఫ్‌ని తిరగేసి ఎఫ్-ఐ, నల్ అంటే ఎన్-యు-రెండు ఎల్-లు. చతురస్రపు బ్రాకెట్ల లోపల రెండు వైపులా ఖాళీ తప్పనిసరి, ఈక్వల్ గుర్తుకి రెండు వైపులా మాత్రం ఖాళీ ఉండనే కూడదు. ఈ రెండు నియమాలు ఒకదానికొకటి అడ్డంగా ఎందుకున్నాయని బామ్మర్ది అడిగాడు. బ్రాకెట్ అనేది షెల్‌లో గుర్తు కాదు, అదొక కమాండు, కమాండుకీ దాని తర్వాతి మాటకీ మధ్య ఖాళీ ఉండాలి కదా, అందుకు.

-ఎన్ అంటే "ఇది ఖాళీగా లేకపోతే" అని. ఆ మూడు పేర్లలో మొదటిది మనం ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చినప్పుడు నిండి ఉంటుంది, మిగతా రెండింట్లో ఏదో ఒకటి విండోలు చూపే తెర ఉన్నప్పుడు నిండి ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సంగతి ముందే చూడటానికి కారణం ఉంది: కొందరు ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటు తెరను కూడా ఇటు మళ్ళించుకుంటారు, అప్పుడు డిస్‌ప్లే కూడా నిండి ఉంటుంది, క్రమం తిరగేస్తే బస్సులో జీఎడిట్ తెరవబోయి అది వచ్చేలోగా మల్లేపల్లి దాటిపోతుంది.

2>/డెవ్/నల్ అనేది జీఎడిట్ గొణుగుడుని నోరు నొక్కడానికి. విండో ఎడిటర్లు చీటికీ మాటికీ హెచ్చరికలు టెర్మినల్‌లోకి ఊస్తుంటాయి, అవి మట్ తెర మీద పడి అంతా పిచ్చిగీతల్లా అవుతుంది. ఎప్పుడైనా అట్లా అయితే కంట్రోల్-ఎల్ కొట్టండి, మట్ తెర మళ్ళీ గీసుకుంటుంది.

గమనించారా, ఈసారి ఎగ్జెక్ తీసేశాను. ఎగ్జెక్ పెడితే స్క్రిప్టు తన ప్రాణం ఎడిటర్‌కి ఇచ్చేసి తను పోతుంది, ఆ కింద రాసిన వరుసలేవీ నడవవు. మనకు ఎడిటర్ మూశాక చేయాల్సిన పని ఒకటుంది.

జతచేస్తున్నాను అని రాసి జతచేయడం మర్చిపోయేవాళ్ళకు

అంటే నాకు. స్క్రిప్టు చివర, ఫై తర్వాత ఇది కలపండి:

ఇఫ్ గ్రెప్ -వి '^>' "$ఎఫ్" | గ్రెప్ -క్యూ -ఇ 'జతచే' -ఇ 'జత చే' -ఇ 'అటాచ్'; దెన్
ప్రింట్‌ఎఫ్ 'ఫైలు జతచేయాలి, గుర్తుందా? ఎంటర్ కొట్టు: '
రీడ్ ఎక్స్ < /డెవ్/టీటీవై
ఫై

గ్రెప్ అంటే జి-ఆర్-ఇ-పి, ఫైల్లో మాటలు వెతికే కమాండు. ఇక్కడ సింగిల్ కోట్ల లోపలున్న తెలుగు మాటలు మాత్రం తెలుగులోనే కొట్టాలి, ఈ మొత్తం వ్యాసంలో మీరు నిజంగా తెలుగులో టైప్ చేసే కమాండు ముక్కలు ఇవే. మొదటి గ్రెప్ అవతలివాళ్ళ పాత మెయిల్ వరుసల్ని, అంటే > తో మొదలయ్యేవాటిని, పక్కన పెడుతుంది. లేకపోతే వాళ్ళు రాసిన "జతచేశాను" చూసి మనల్ని హెచ్చరిస్తుంది. రెండో గ్రెప్ మనం రాసినదాంట్లో వెతుకుతుంది.

మాటల ఎంపిక దగ్గర నేను రెండు మూడుసార్లు బోల్తా పడ్డాను. ఒట్టి "జత" అని పెడితే "రెండు జతల బట్టలు" అన్నా అరుస్తుంది. "జతచేయు" అని పూర్తిగా పెడితే "జతచేశాను" దొరకదు, మన క్రియలు చివరన మారిపోతాయి కాబట్టి మారని ముక్క దగ్గరే ఆపాలి. ఇక "అటాచ్‌మెంట్" అనే మాటని కొందరు మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో కొడతారు, కొందరు కొట్టరు. చూడటానికి ఒకచోట చ పొల్లుగా, ఒకచోట మ వత్తుతో కనిపిస్తాయి, షెల్‌కి అవి రెండూ వేర్వేరు మాటలు. "అటాచ్" దగ్గరే ఆపితే రెండూ దొరుకుతాయి, ఎందుకంటే ఆ కనిపించని గుర్తు వచ్చేది దాని తర్వాతే.

కరెంటు పోయినప్పుడు

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది, నా పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోగానే అదీ పోయింది. గంటసేపు రాసిన మెయిల్, మధ్యమధ్య సేవ్ కూడా చేశాను. కరెంటొచ్చాక చూస్తే ఫైలు లేదు. మట్ తాత్కాలిక ఫైళ్ళని మామూలుగా టెంప్ ఫోల్డర్‌లో పెడుతుంది, చాలా లినక్స్‌లలో ఆ ఫోల్డర్ ఉండేది ర్యామ్‌లోనే, ఆపితే ఆవిరి.

నేను అప్పుడు స్క్రిప్టులోనే నిమిషానికోసారి ఫైలు కాపీ తీసే లూప్ ఒకటి రాశాను. ఎడిటర్ మూశాక ఆ లూప్‌ని ఆపే వరుస రాయడం మర్చిపోయాను, మూడు రోజుల తర్వాత చూస్తే వెనక పదకొండు లూపులు నిద్రపోతూ లేస్తూ ఉన్నాయి. అంత తెలివి అక్కర్లేదు. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి, మెయిళ్ళు కదా, వేరేవాళ్ళు చూడకుండా సీహెచ్‌మోడ్ 700 పెట్టి, మట్‌ఆర్‌సిలో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది:

సెట్ టెంప్‌డిర్="~/రాతలు"

ఎడమ వైపు మాట టి-ఎమ్-పి-డి-ఐ-ఆర్, రాతలు అన్నచోట మీ ఫోల్డర్ పేరు. ఇక మీరు సేవ్ చేసినంతవరకు డిస్కు మీద ఉంటుంది.

వేరే ప్రోగ్రాములు వాడేవాళ్ళకు

ఆల్పైన్ కూడా మట్ లాంటి టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామే. అందులో సెటప్, కాన్ఫిగ్ లోపలికి వెళ్తే ఎడిటర్ అనే చోటుంది, అక్కడ మన స్క్రిప్టు దారి ఇవ్వండి, "ఎనేబుల్ ఆల్టర్నేట్ ఎడిటర్ కమాండ్" అన్నది టిక్ చేయండి. రాసేటప్పుడు కంట్రోల్ నొక్కి అండర్‌స్కోర్ కొడితే తెరుచుకుంటుంది. ప్రతిసారీ కొట్టడం విసుగనిపిస్తే దాని కిందే "ఇంప్లిసిట్‌లీ" అని ఇంకోటి ఉంటుంది.

థండర్‌బర్డ్ విండోలో నడిచే మెయిల్ ప్రోగ్రాము, దాని దారి వేరు. దాని యాడ్-ఆన్‌లు బయటి ప్రోగ్రాముల్ని నేరుగా పిలవలేవు, మధ్యలో ఒక సహాయక ప్రోగ్రాము సిస్టమ్‌లో ఉండాలి. ఎక్స్‌టర్నల్ ఎడిటర్ రివైవ్డ్ అనే యాడ్-ఆన్ అట్లాగే పనిచేస్తుంది, రెండు ముక్కలూ వేసుకోవాలి. పైగా అక్కడ టెర్మినల్ ఉండదు కాబట్టి విమ్ కావాలంటే ఎక్స్‌టెర్మ్ -ఇ విమ్ "$ఎఫ్" అని దానికో టెర్మినల్ మనమే ఇవ్వాలి. గ్నోమ్ టెర్మినల్ వాడితే దానికీ --వెయిట్ కావాలి, అది కూడా జీఎడిట్ లాగా కబురు చెప్పి జారుకునే రకమే. జతచేయడం గురించి అడిగే భాగం మాత్రం థండర్‌బర్డ్ కోసం తీసేయండి, ఎంటర్ కొట్టడానికి అక్కడ చోటే లేదు.

ఇంకా నడవకపోతే

స్క్రిప్టు విండోస్‌లో రాసి తెచ్చారా? వరుస చివర కనిపించని అక్షరం ఒకటి అంటుకుని వస్తుంది, ఫైలు కళ్ళ ముందే ఉన్నా "నాట్ ఫౌండ్" అంటుంది. డాస్‌టుయూనిక్స్ అనే కమాండుతో కడిగేయండి, మధ్యలో "టు" అంటే అంకె 2. అది కాదంటే ఎస్‌హెచ్ -ఎక్స్ అని ముందు పెట్టి స్క్రిప్టు నడపండి, ఒక్కో వరుస ఏం చేస్తోందో అదే చదివి చెప్తుంది, నేను ఫోన్లో చెప్పినదానికన్నా ఓపిగ్గా.

మర్నాడు పొద్దున బామ్మర్ది నుంచి మెయిల్ వచ్చింది, శుభ్రమైన తెలుగులో, వత్తులన్నీ వాటి చోట వాటికి ఉన్నాయి. "ఈ నెల లెక్క జతచేశాను, చూడు బావా" అని రాశాడు. జతచేసింది ఏమీ లేదు. ఫోన్ చేసి, స్క్రిప్టు అడగలేదా అంటే, అడిగింది బావా, ఏదో ఎంటర్ కొట్టమంది, కొట్టిన అన్నాడు.